ఉస్కో

గోడ మీద సిలువ లేదు, కొవ్వొత్తి లేదు.
ఒక బల్ల, దాని మీద నీళ్ళ గ్లాసు,
అట్ట ఊడిన బైబిలు.
వెనక గోడకి తడికోట్ల బరువుకు వంగిన కొక్కేలు.
మిషిగన్ పైకొసన, హాన్‌కాక్‌లో,
మూతబడ్డ రాగి గనికి రెండు వీధుల ఇవతల
ఇంతే గుడి.

నేను రేపల్లె లూథరన్‌ని.
తెల్ల అంగీ వేసిన అయ్యగారు
"ప్రభువు మీకు తోడై యుండును గాక" అంటే
"మీ ఆత్మకును" అని నిద్రలోనైనా పలికే నోరు.
ఇక్కడ ఆ ముక్క ఎవరూ అనరు.
నా జవాబు బుగ్గనే ఉండిపోయింది
కరగని పిప్పరమెంటులా.

రైనో యుంటునెన్ ఆరు రోజులు ఇళ్ళకప్పులు వేస్తాడు,
ఏడో రోజు వాక్యం చెబుతాడు.
జీతం లేదు, కాగితం లేదు,
పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కణ్ణించే.
సుత్తి దెబ్బకి నల్లబడిన బొటనవేలితో
పేజీ తిప్పుతాడు.
తొమ్మిదిమంది పిల్లల తల్లి ఒక వరసంతా నింపి
జేబులోంచి ఎండురొట్టె తుంచి పెడుతోంది.
ఏ చెవికీ కమ్మ లేదు.
నా జూకాల్ని స్కార్ఫు కిందికి తోశాను.

ముప్పావుగంట తర్వాత ఒక వాక్యం మధ్యలో ఆగాడు.
నీళ్ళు తాగుతాడనుకున్నాం.
బల్ల దిగి మూడో బెంచీ దగ్గరికొచ్చి
ముసలి హిల్యా ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.
"నీ కప్పుకి నాలుగు కట్టలు వేశాను.
ఐదు రాశాను."

ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసింది,
జారిపోతున్న పిల్లాణ్ణి పట్టుకున్నట్టు.
ఫిన్నిష్‌లో ఏదో అంది,
తెలుగులాగే ప్రతి మాటా అచ్చుతో ముగిసే భాష.
మొదటి మాట మాత్రం స్పష్టంగా వినపడింది:
ఉస్కో.

నవ్వొచ్చింది, ఏం చేయను,
మా వీధిలో కుక్కని మనిషి మీదికి తోలే మాటది.
పక్కనున్న పిల్ల చెవిలో చెప్పింది:
ఉస్కో అంటే నమ్ము.
యేసు నామంలో, ఆయన రక్తంలో
నీ పాపాలన్నీ పోయాయి, నమ్ము.

అయ్యగారు చెబితేనే క్షమాపణ అనేది మా అమ్మ.
మరి ఈమె ఎవరు?
దీక్ష లేదు, అంగీ లేదు,
మోచేతి దగ్గర చిరుగు కుట్టిన స్వెటరు.
ఎవరైనా ఎవరికైనా చెప్పొచ్చట.
చెప్పాలట కూడా.

తర్వాత కింద వంటింట్లో
ఆమె కాఫీ కప్పులు కడుగుతోంది, నేను తుడుస్తున్నాను.
రైనో తలుపు దగ్గరికొస్తే
వెనక్కి తిరక్కుండానే అంది:
"క్షమాపణ వేరు, నలభై డాలర్లు వేరు.
శనివారంలోగా."

అతను వెళ్ళాక
నా చేతిలో కప్పు ఎప్పుడో ఆరిపోయింది, ఇంకా తుడుస్తున్నాను.
చెప్పబోతే ఇంగ్లీషు అడ్డం తిరిగింది.
తెలుగులోనే చెప్పాను:
పదకొండో గది పెద్దాయన్ని రాత్రి మూడింటికి చూశానని రాశాను.
చూడలేదు. కుర్చీలో కునుకు పట్టింది.
నాలుగింటికి వెళితే
"ఎంతసేపట్నించో పిలుస్తున్నా" అన్నాడు,
కోపం లేకుండా. నీళ్ళడిగాడు.
అంతే. ఆయన బాగానే ఉన్నాడు.
ఆ కోపం లేకపోవడమే...

హిల్యాకి ఒక్క ముక్క అర్థం కాలేదు.
సబ్బు నురగ చేతులతోనే నా మెడ చుట్టింది,
స్కార్ఫు జారి జూకా ఆమె బుగ్గకి గుచ్చుకుంది,
పట్టించుకోలేదు.
ఆ పొడుగు మాట మొత్తం చెప్పింది
చివరి అచ్చు దాకా.

ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి
చార్టులో మూడు గంటల దగ్గర నా సంతకం అలాగే ఉంది.
క్షమాపణ వేరు.
హెడ్ నర్సు గదిలో దీపం వెలుగుతోంది,
నడవా పొడుగ్గా ఉంది, నా బూట్ల మంచు నీళ్ళవుతోంది.
ఉస్కో, అనుకున్నాను.
వెనక ఏ కుక్కా లేదు.
అయినా అడుగు పడింది.